గర్భసంచి ఆపరేషన్‌లో లోపలికి పంపిన నీరు ఎంత, తిరిగి వచ్చింది ఎంత?

కొర్లగుంట తమ్ముడు · ఆదివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మా అక్కకు నలభై ఒక్క ఏళ్ళు, ఉండేది పుత్తూరులో. రెండేళ్ళుగా నెలసరికి రక్తం విపరీతంగా పోయేది. స్కానింగ్ తీస్తే గర్భసంచి లోపలి గోడకు 4 సెంటీమీటర్ల గడ్డ ఉందని తేలింది. గర్భసంచి తీయవలసిన పని లేదని, కింది దారి నుంచే కెమెరా గొట్టం పంపి గడ్డను ముక్కలు ముక్కలుగా కోసి తీస్తామని చెప్పారు. పొట్ట మీద కోత లేదు, కుట్లు లేవు, మరునాడే ఇంటికి వెళ్ళవచ్చు అన్నారు. తిరుపతిలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేయించాము. దాని పేరు ఇక్కడ రాయను.

ఉదయం తొమ్మిదింటికి లోపలికి తీసుకువెళ్ళారు. నడుముకు మత్తు ఇవ్వడం వల్ల అక్క మెలకువగానే ఉంది. గంట దాటాక పైనున్న లైటు చుట్టూ మంచు కమ్మినట్టు కనిపిస్తోందని అక్కడే చెప్పిందట. కాసేపటికి లైటు కూడా కనిపించలేదట. వాంతి వస్తోందని చెప్పింది, ఊపిరి అందడం లేదని చెప్పింది. తర్వాత జరిగిందేదీ ఆమెకు గుర్తు లేదు. మేము చూసేసరికి ముఖం, కనురెప్పలు ఉబ్బిపోయి ఉన్నాయి, నోట్లో గొట్టం ఉంది. మా బావ ఒక్క క్షణం ఆమెను గుర్తుపట్టలేదు. సోడియం 116కు పడిపోయిందని, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందని చెప్పారు. నాలుగు రోజులు ఐసీయూలో ఉంది. చూపు మరునాటి సాయంత్రానికి తిరిగి వచ్చింది. ఇప్పుడు ఇంట్లో ఉంది, తింటోంది, మాట్లాడుతోంది. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు.

నేను తెలుసుకోవాలనుకున్నది ఒక్కటే. చేతికి ఎక్కించింది ఒక సెలైన్ సీసా. అలాంటప్పుడు ముఖం గుర్తుపట్టలేనంత నీరు ఒంట్లోకి ఎలా వెళ్ళింది? డిశ్చార్జి సమ్మరీలో "గ్లైసిన్ 1.5 శాతం, 12 లీటర్లు" అని ఉంది. ఎంత తిరిగి వచ్చిందో రాయవలసిన చోట ఒక గీత మాత్రమే ఉంది.

నగరి టీచర్ · ఆదివారం రాత్రి 11:05

తమ్ముడూ, చదువుతుంటే నాకే చెమటలు పట్టాయి. అక్క బతికి బయటపడింది, ముందు ఆ మాట మనసులో పెట్టుకో. తెలిసినవాళ్ళు ఎవరైనా వచ్చి చెబుతారు.

స్త్రీవైద్యురాలు, చిత్తూరు · సోమవారం ఉదయం 6:20

మీ అక్కగారు కోలుకున్నందుకు సంతోషం. ఈ ఆపరేషన్లు నేను పద్నాలుగేళ్ళుగా చేస్తున్నాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

గర్భసంచి లోపల ఖాళీ గది ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ముందు గోడ, వెనక గోడ ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, మడిచిన సంచిలాగా. కెమెరా పెట్టినా ఏమీ కనిపించదు. ఆ గోడలను విడదీసి పట్టుకోవడానికి ద్రవాన్ని ఒత్తిడితో లోపలికి పంపుతూనే ఉండాలి. రక్తం, కోసిన ముక్కలు కడుక్కుపోవడానికి కూడా అదే ద్రవం. అది ఒక దారిన వెళ్ళి మరో దారిన బయటికి వస్తూ ఉంటుంది. మీరు చెప్పిన 12 లీటర్లు అదే. ఆ మొత్తం ఒంట్లోకి వెళ్ళలేదు, వెళ్ళి ఉంటే ఈరోజు మనం ఇలా మాట్లాడుకునేవాళ్ళం కాదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, గడ్డను కోస్తున్నప్పుడు గోడలోని సిరలు నోళ్ళు తెరుచుకుంటాయి. లోపల మనం పెట్టిన ఒత్తిడి రోగి సగటు రక్తపోటును దాటితే ద్రవం ఆ నోళ్ళలోంచి నేరుగా రక్తంలోకి వెళుతుంది. చేతికి ఎక్కించే సెలైన్ చుక్కలుగా పడుతుంది. ఇక్కడ మాత్రం కాలువకు గండి పడ్డట్టే. పది నిమిషాల్లో అర లీటరు పోయినా బయటికి ఏ గుర్తూ ఉండదు. కొంత ద్రవం గర్భనాళాల గుండా పొట్టలోకి కూడా వెళ్ళి, అక్కడి నుంచి నెమ్మదిగా రక్తంలో కలుస్తుంది.

గడ్డ ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యం. మొత్తం లోపలి ఖాళీలోకే వేలాడుతుంటే దాన్ని సున్నా రకం అంటాము. సగానికి పైగా ఖాళీలో ఉండి మిగతాది కండరంలో ఉంటే ఒకటో రకం, సగమో అంతకన్నా ఎక్కువో కండరంలోనే దాగి ఉంటే రెండో రకం. రెండో రకానికి లోతుగా కోయాలి. పెద్ద సిరలన్నీ అక్కడే ఉంటాయి. మీ అక్కగారిది ఏ రకమో సమ్మరీలో ఉందా?

కొర్లగుంట తమ్ముడు · సోమవారం ఉదయం 8:15

డాక్టరమ్మ గారూ, రెండో రకం అనే ఉంది. అందరికీ ఎక్కించే ఉప్పు సెలైనే లోపలికీ పంపవచ్చు కదా? గ్లైసిన్ ఎందుకు?

స్త్రీవైద్యురాలు, చిత్తూరు · సోమవారం మధ్యాహ్నం 2:10

కోసే పరికరం వల్ల. పాత తరహా మోనోపోలార్ తీగతో కోస్తే కరెంటు తీగ కొస నుంచి ఒంటి గుండా తొడకు అంటించిన ప్లేటుకు వెళ్ళాలి. చుట్టూ ఉప్పునీరు ఉంటే కరెంటు ఆ నీటిలోకే చెదిరిపోతుంది, కణజాలం తెగదు. అందుకే ఉప్పు లేని గ్లైసిన్‌, సార్బిటాల్ వంటివి వాడతారు. బైపోలార్ పరికరంలో రెండు ధ్రువాలూ కొస దగ్గరే ఉంటాయి కాబట్టి మామూలు సెలైన్‌లోనే కోయవచ్చు. ఖర్చు ఎక్కువ. చిన్న ఆసుపత్రుల్లో ఇప్పటికీ మోనోపోలార్ ఉండడానికి కారణం అదే. నా దగ్గర కూడా మొదటి ఆరేళ్ళు అదే ఉండేది.

మత్తువైద్యం, తిరుపతి · సోమవారం రాత్రి 9:30

మేడమ్ రాసినదానికి మత్తు వైపు నుంచి కొంత చేరుస్తాను.

రక్తంలో సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. గ్లైసిన్ లాంటి ఉప్పు లేని ద్రవం ఒక లీటరు రక్తంలో కలిస్తే సోడియం సుమారు 10 తగ్గుతుందని మా లెక్క. మీ అక్కగారికి ఆపరేషన్‌కు ముందు 138 ఉందనుకుంటే 116కు రావడానికి రెండు లీటర్లకు పైగా లోపలికి వెళ్ళి ఉండాలి. ఎవరూ రాయని ఆ లెక్క ఆమె రక్తంలోనే ఉంది.

రక్తం పలచబడితే నీరు కణాల్లోకి చొరబడుతుంది. మిగతా అవయవాలు కొంత ఉబ్బినా ఓర్చుకుంటాయి. మెదడు పుర్రెలో బందీ, దానికి జరగడానికి చోటు లేదు. ముందు తలనొప్పి, వికారం, అశాంతి. తర్వాత అయోమయం, మూర్ఛ, స్పృహ తప్పడం. నెలసరి ఇంకా ఆగని స్త్రీలకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ. ఉబ్బిన మెదడు కణం సోడియాన్ని బయటికి తోసి తనను తాను కాపాడుకుంటుంది, స్త్రీ హార్మోను ఆ పనికి అడ్డుపడుతుంది. ఒకే సోడియం అంకె ఒక మగవాడికి, నలభై ఏళ్ళ స్త్రీకి ఒకే ప్రమాదం కాదు. ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగేదేమో ఆ వయసు వాళ్ళకే.

ఇక చూపు సంగతి. గ్లైసిన్ మన ఒంట్లోనూ ఉండే అమైనో ఆమ్లం. కంటిపొరలో సంకేతాలను అణచేది అదే. రక్తంలో దాని మోతాదు పెరిగితే చూపు మసకబారుతుంది, కొందరికి పూర్తిగా పోతుంది. సాధారణంగా ఒక రోజులో తిరిగి వస్తుంది. అది విరిగి అమోనియాగా మారడం వల్ల కూడా మనిషి మందగిస్తాడు.

నన్ను అన్నిటికన్నా బాధించింది మీరు రాసిన ఒక వాక్యం. "లైటు చుట్టూ మంచు కమ్మినట్టు" అని ఆమె చెప్పింది. నడుముకు మత్తు ఇచ్చినప్పుడు రోగి మాటే మాకు అన్నిటికన్నా ముందు మోగే గంట. పూర్తి మత్తులో ఉన్నవాళ్ళు అలా చెప్పలేరు. అక్కడ ఆక్సిజన్ పడిపోవడం, ఊపిరితిత్తులు బిగుసుకుని గాలి పంపడానికి ఎక్కువ ఒత్తిడి కావలసి రావడం చూసి మేమే పసిగట్టాలి. ఆమె ఆ మాట అన్న క్షణంలోనే కోత ఆపి సోడియం చూసి ఉండాలి. రక్తవాయువుల పరీక్ష చేసే యంత్రం అయిదు నిమిషాల్లో ఆ అంకె చెబుతుంది.

సువర్ణముఖి తీరం · సోమవారం రాత్రి 10:02

మా నాన్నగారికి ప్రోస్టేట్ గ్రంథిని మూత్రనాళం గుండా కోసినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. అప్పుడు కూడా గ్లైసినే. ఆపరేషన్ అయ్యాక మమ్మల్ని చూసి "మీరెవరు" అన్నారు. మేము వయసు వల్ల వచ్చిన మతిమరుపు అనుకున్నాం. ఆడవాళ్ళ ఆపరేషన్లలోనూ ఇది ఉంటుందని ఇవాళే తెలిసింది.

మత్తువైద్యం, తిరుపతి · సోమవారం రాత్రి 10:20

అవునండీ, రెండూ ఒకటే వ్యాధి. ప్రోస్టేట్ విషయంలో డాక్టర్లు దీన్ని దశాబ్దాలుగా ఎరుగుదురు. అందుకే గంటలోపు ముగించాలన్న నియమం అక్కడ అందరి నోటా ఉంటుంది. గర్భసంచి దగ్గరికి వచ్చేసరికి ఇది చిన్న ఆపరేషన్, పగటిపూట చేసి పంపించేది అన్న భావన ఆ అప్రమత్తతను తగ్గించింది.

థియేటర్ సిస్టర్ · మంగళవారం తెల్లవారుజామున 5:10

రాత్రి డ్యూటీ ముగించుకుని రాస్తున్నాను. ఇరవై రెండేళ్ళుగా థియేటర్‌లో నర్సుగా పని చేస్తున్నాను. ఈ లెక్క పెట్టేది మేమే, కాబట్టి మా మాట కూడా వినండి.

వినడానికి తేలికే. గర్భసంచిలోకి పంపిన నీటిలోంచి తిరిగి వచ్చిన నీరు తీసేస్తే లోటు వస్తుంది. ఆ లోటు రోగి ఒంట్లో ఉంది. ఇంతే. చేసేటప్పుడు మాత్రం ఇది ఎన్ని చోట్ల జారిపోతుందో లోపల నిలబడినవాళ్ళకే తెలుసు.

నడుము కింద ప్లాస్టిక్ సంచి సరిగ్గా అతకకపోతే నీరు బల్ల మీదుగా నేలకు కారుతుంది. కొంత గుడ్డలు పీల్చుకుంటాయి. సక్షన్ సీసాలో రక్తం, ముక్కలు కలిసి ఉంటాయి. లోపలికి పంపే ద్రవం వచ్చే 3 లీటర్ల సంచిలో, దాని మీద రాసినదానికన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. ఖాళీ సంచిని ఎవరో తీసి చెత్తబుట్టలో వేస్తారు, అయిదు నిమిషాల తర్వాత అది మూడోదా నాలుగోదా అని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటాం. నేను కొత్తగా చేరినప్పుడు మా పెద్ద సిస్టర్ నేర్పిన పద్ధతి ఒకటుంది. ఖాళీ సంచిని పారవేయకూడదు. గోడవారగా వరుసగా పేర్చాలి, ప్రతి దాని మీద ఎన్ని గంటలకు మార్చామో రాయాలి. ఆపరేషన్ అయ్యేవరకు ఆ వరుసను ఎవరూ కదపకూడదు. ఇప్పటికీ అదే చేస్తాను.

నేలకు కారిన నీటిని మనసుకు తోచినట్టు "ఒక లీటరు ఉంటుందిలే" అని తీసివేయడం చాలా ప్రమాదం. నేను చూసిన ఒక కేసులో అలాగే తీసేశారు. నేల మీద అంత లేదు. కొలవలేని నీరు రోగిలోనే ఉందనుకుని నడుచుకోవాలి. పొరపాటుపడినా ఆ వైపే పడాలి.

ఇంకో మాట చెప్పి తీరాలి. లెక్క పెట్టే మనిషిని ఆ పని ఒక్కదానికే ఉంచాలి. మా దగ్గర నేను ప్రతి పది నిమిషాలకు లోటును మిల్లీలీటర్లలో గట్టిగా చదువుతాను. "లోటు 400", "లోటు 650". డాక్టరు గారు "ఊఁ" అని పలికే దాకా మళ్ళీ చెబుతాను. అదే నర్సును "సూది దారం తీసుకురా, బయట పేషెంటు వాళ్ళను పిలువు" అని పంపితే ఇక లెక్క ఎవరు చూస్తారు? తమ్ముడూ, మీ అక్క కాగితంలో ఉన్న ఆ గీత ఒక నర్సు నిర్లక్ష్యమని వెంటనే అనుకోకు. ఆ రోజు ఆ గదిలో ఎంతమంది ఉన్నారో అడుగు.

స్త్రీవైద్యురాలు, చిత్తూరు · మంగళవారం ఉదయం 7:00

సిస్టర్ గారికి నమస్కారం. మా పాఠ్యపుస్తకాల్లో లేని సంగతులు రాశారు. ఆమె చెప్పిన లోటుకు హద్దులు ఉన్నాయి. అమెరికాలోని ఏఏజీఎల్ అనే స్త్రీవైద్యుల సంఘం 2013లో, బ్రిటిష్, ఐరోపా ఎండోస్కోపీ సంఘాలు 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇంచుమించు ఒకటే చెబుతాయి. ఆరోగ్యవంతురాలైన స్త్రీకి గ్లైసిన్ లాంటి ద్రవమైతే లోటు 1,000 మిల్లీలీటర్లు చేరగానే ఆపాలి. సెలైన్ అయితే 2,500. వృద్ధులకు, గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి గ్లైసిన్ 750, సెలైన్ 1,500 దగ్గరే ఆపడం మంచిది.

సెలైన్‌కు హద్దు ఎక్కువ కాబట్టి భయం లేదని ఎవరూ అనుకోవద్దు. సోడియం తగ్గదు, మెదడు ఉబ్బదు, అంతవరకే లాభం. మూడు లీటర్ల సెలైన్ గంటలో రక్తంలో చేరితే గుండె మోయలేక ఊపిరితిత్తులు మునుగుతాయి.

ఒత్తిడి గురించి కూడా చెప్పాలి. వేలాడే ద్రవం సంచిని ఒక అడుగు పైకి ఎత్తితే సుమారు 22 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి పెరుగుతుంది. అయిదు అడుగుల ఎత్తున వేలాడదీస్తే 110. 120/80 ఉన్న మనిషి సగటు రక్తపోటు 93 మాత్రమే. నడుముకు మత్తు ఇచ్చాక అది 70కి దిగవచ్చు. అంటే గంట క్రితం సరిపోయిన ఎత్తు ఇప్పుడు ఎక్కువ. కెమెరా బొమ్మ మసకగా ఉందని ఆ సంచి చుట్టూ పట్టీ బిగించి పిండమని చెబితే ఆ ఒత్తిడికి హద్దే ఉండదు. నేను కూడా తొలి రోజుల్లో పిండించాను. ఇప్పుడు తలచుకుంటే భయమేస్తుంది.

తిరుచానూరు వకీలు · మంగళవారం మధ్యాహ్నం 12:45

డాక్టర్లు చక్కగా వివరించారు, కాదనను. ఆ వివరణ చదివాకే నాకు కోపం పెరిగింది. హద్దు 1,000 అని 2013 నుంచీ రాసి ఉంది. రెండు లీటర్లు దాటాయి. లెక్క లేదు. రోగి చూపు పోతోందని చెప్పినా ఆపలేదు. దీన్ని నిర్లక్ష్యం అనకపోతే మరేమనాలి?

1995లో సుప్రీంకోర్టు వి.పి. శాంతా కేసులో డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని తేల్చింది. జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ళ గడువు ఉంటుంది. తమ్ముడు ముందుగా చేయవలసింది కేసు షీటు మొత్తం కోసం రాతపూర్వకంగా అడగడం. వైద్య వృత్తి నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. మత్తు వైద్యుడు రాసుకున్న చార్టు, నర్సు నోట్సు, సమ్మతి పత్రం, అన్నీ అడగండి. కాగితం చేతికి రాకముందు ఎవరితోనూ గొడవ పడవద్దు.

స్త్రీవైద్యురాలు, చిత్తూరు · మంగళవారం సాయంత్రం 6:30

వకీలు గారూ, కాగితాలు అడగడం వారి హక్కు, అడగాలి. ఒక్కటి మాత్రం ఒప్పుకోలేను. నీరు ఎక్కువ పీల్చుకోవడం అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా జరిగే చిక్కు. పెద్ద సిర ఒకటి తెగితే క్షణాల్లో లోటు పెరుగుతుంది. చిక్కు వచ్చినంత మాత్రాన తప్పు జరిగినట్టు కాదు. లెక్క పెట్టకపోవడం, ఆపకపోవడం తప్పు. ఈ రెంటినీ విడిగా చూడండి. లేకపోతే డాక్టర్లు ఈ ఆపరేషన్‌కే భయపడి, గర్భసంచి తీసేయడమే నయమని చెప్పడం మొదలుపెడతారు. నష్టపోయేది మళ్ళీ స్త్రీలే.

తిరుచానూరు వకీలు · మంగళవారం రాత్రి 8:00

ఆ తేడా ఒప్పుకుంటున్నాను. నేను మాట్లాడుతున్నది ఆ గీత గురించే.

బయోమెడికల్ రేణిగుంట · మంగళవారం రాత్రి 9:15

యంత్రాల మనిషిని. లెక్క పెట్టే పంపులు వచ్చాయి. వేలాడే సంచి బరువును, కింద చేరిన నీటి బరువును తూచి లోటును తెర మీద చూపిస్తాయి, హద్దు దాటితే మోగుతాయి. మంచివే. అయితే కొక్కేనికి ఇంకో సంచి తగిలించినా, సీసాల బల్లకు ఎవరి కాలైనా ఆనినా అంకె మారిపోతుంది. ఒక చోట అలారం విసిగిస్తోందని శబ్దం తగ్గించి పెట్టుకున్నారు. సిస్టర్ గారి గోడవార సంచులు పంపు ఉన్నచోట కూడా అవసరమే.

కాణిపాకం దారి · బుధవారం ఉదయం 10:30

మూడు రోజులుగా ఇదంతా చదువుతున్నాను, ఇప్పుడు ధైర్యం చేసి రాస్తున్నాను. నాకు ముప్పై ఆరేళ్ళు. వచ్చే వారం ఇదే ఆపరేషన్. గడ్డ 3 సెంటీమీటర్లు, ఒకటో రకం. తిరుపతిలో చేయించుకోవాలనుకున్నాం, అత్తగారు మాత్రం వేలూరు వెళ్దామంటున్నారు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండె కవాటం కొద్దిగా సన్నబడింది. 21 రోజులకు ఒకసారి పెన్సిలిన్ సూది వేయించుకుంటాను. మెట్లు ఎక్కినా ఆయాసం లేదు కాబట్టి డాక్టరు గారికి ఆ విషయం ప్రత్యేకంగా చెప్పలేదు. ఆపరేషన్ మానుకోవాలా?

స్త్రీవైద్యురాలు, చిత్తూరు · బుధవారం మధ్యాహ్నం 1:20

మానుకోవద్దమ్మా. ఈరోజే ఫోను చేసి కవాటం సంగతి చెప్పండి. ఇది దాచవలసిన చిన్న విషయం కాదు. సన్నబడిన కవాటం అదనపు నీటిని అస్సలు ఓర్చుకోలేదు. ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయించుకుని గుండె డాక్టరు రాతతో వెళ్ళండి. సెలైన్ వాడితే మీకు వర్తించే హద్దు 2,500 కాదు, 1,500. మీ గుండెను చూసి ఇంకా తక్కువ పెట్టినా పెట్టవచ్చు. రక్తనాళాలు ముడుచుకోవడానికి గర్భాశయ ముఖద్వారంలో వేసే వాసోప్రెసిన్ నీటి పీల్పును తగ్గిస్తుంది. అది గుండె జబ్బు ఉన్నవారికి ఆలోచించి వాడవలసిన మందు, అందుకని కూడా ముందే చెప్పాలి.

వేలూరా తిరుపతా అన్నది నేను చెప్పను. ఎక్కడైనా సరే, ఏ ద్రవం వాడతారు, నీటి లెక్క ఎవరు చూస్తారు, నాకు ఎంత దగ్గర ఆపుతారు అని అడగండి. అడిగితే నొచ్చుకునే డాక్టరు ఉంటే అదే మీకు జవాబు.

మత్తువైద్యం, తిరుపతి · బుధవారం మధ్యాహ్నం 3:00

మత్తు డాక్టరును ఆపరేషన్‌కు ముందు రోజే కలవండి. చేతికి ఎక్కించే సెలైన్ కూడా మీ విషయంలో కొలతే. ఆపరేషన్ జరుగుతుండగా దగ్గు, ఛాతీ బరువు, ఆయాసం, కళ్ళు మసక, ఏది అనిపించినా బిడియపడకుండా గట్టిగా చెప్పండి.

తమ్ముడు మొన్న ఫోనులో అడిగినదానికి ఇక్కడే చెబుతాను, అందరికీ ఉపయోగం. 116 ఉన్న సోడియాన్ని వెంటనే 138కి ఎందుకు తీసుకురాలేదు అని. మూర్ఛ, స్పృహ మందగింపు ఉంటే 3 శాతం ఉప్పు సెలైన్ 100 మిల్లీలీటర్ల చొప్పున ఇచ్చి ముందు మెదడు వాపును తగ్గిస్తాం. కొంచెం పెరిగి లక్షణాలు తగ్గాక నెమ్మదిస్తాం. మరీ వేగంగా పెంచితే మెదడు కాండంలోని నాడుల పై తొడుగు దెబ్బతినవచ్చు. గంటల్లోనే పడిపోయిన సోడియానికి ఆ ప్రమాదం తక్కువే అయినా జాగ్రత్తగానే ఉంటాం. దానితోపాటు మూత్రం ఎక్కువ వచ్చే ఫ్యూరోసెమైడ్, ఆక్సిజన్, అవసరమైతే వెంటిలేటర్. మీ అక్కగారి ఐసీయూ వాళ్ళు ఈ పని చక్కగా చేశారు. అది కూడా చెప్పాలి.

నగరి టీచర్ · బుధవారం రాత్రి 8:40

ఒక సందేహం. హద్దు చేరగానే ఆపితే సగం గడ్డ లోపలే ఉంటుంది కదా. మళ్ళీ థియేటర్, మళ్ళీ మత్తు, మళ్ళీ ఖర్చు. మా చెల్లెలి విషయంలో మేమే "ఎలాగైనా ఒకేసారి అయిపోనివ్వండి, మళ్ళీ రాలేము" అని డాక్టరును బతిమాలాం. ఇప్పుడు చదువుతుంటే ఆ మాట ఎందుకు అన్నామా అనిపిస్తోంది.

స్త్రీవైద్యురాలు, చిత్తూరు · బుధవారం రాత్రి 9:50

ఈ మాట బయటికి చెప్పినందుకు కృతజ్ఞతలు టీచర్ గారూ. థియేటర్‌లో నా చేయి ఆగకపోవడానికి బయట కూర్చున్నవారి ఆ మాట కూడా ఒక కారణం. ఇంకో రెండు ముక్కలే కదా అనిపిస్తుంది. లోతుగా ఉన్న చివరి రెండు ముక్కల దగ్గరే నీరు ఎక్కువ పోతుంది. మిగిలిన గడ్డ కొన్ని వారాల్లో ఖాళీలోకి జారి వస్తుంది, రెండోసారి తేలిక కూడా అవుతుంది. రెండుసార్లు కావలసి రావచ్చు అని ముందే చెప్పి, రెండింటికీ కలిపి ఖర్చు మాట్లాడుకోవడం నేను మూడేళ్ళుగా చేస్తున్నాను. అలా చెప్పినప్పటి నుంచి నా చేతికి ఆపే ధైర్యం వచ్చింది.

కొర్లగుంట తమ్ముడు · శనివారం రాత్రి 10:15

కాగితాలు ఇచ్చారు. ఆపరేషన్ చేసిన డాక్టరు గారే కూర్చోబెట్టి మాట్లాడారు. ఆ రోజు ఇద్దరు నర్సుల్లో ఒకరు సెలవు. ఉన్న ఒక్క సిస్టరే పరికరాలు అందించింది, సంచులు మార్చింది. "నీళ్ళ లెక్క నేనూ అడగలేదు, ఆమే చెబుతుందనుకున్నాను" అన్నారాయన. తల దించుకునే అన్నారు. ఇకపై లెక్కకు వేరే మనిషి లేకుండా మొదలుపెట్టనని బావతో అన్నారు. ఐసీయూ ఖర్చు తీసుకోలేదు. ఫిర్యాదు సంగతి అక్క నిర్ణయిస్తుంది, రెండేళ్ళ గడువు ఉందని వకీలు గారు చెప్పారు కాబట్టి తొందర లేదు. ఆ సిస్టర్ మీద నాకున్న కోపం మాత్రం పోయింది.

థియేటర్ సిస్టర్ · ఆదివారం ఉదయం 6:00

చదివాను తమ్ముడూ. ఇవాళ్టికి ఇది చాలు నాకు.

కాణిపాకం దారి · పన్నెండు రోజుల తర్వాత, సాయంత్రం 4:30

అందరికీ చెప్పాలని రాస్తున్నాను. తిరుపతిలోనే అయింది. కవాటం సంగతి చెప్పగానే డాక్టరు గారు తేదీ నాలుగు రోజులు వాయిదా వేసి ఎకో చేయించారు. సెలైన్‌తోనే చేస్తామన్నారు. నాకు హద్దు 1,200 అని మత్తు డాక్టరు నా ఎదుటే కాగితం మీద రాశారు. లెక్కకు ఒక సిస్టర్‌ను విడిగా పెట్టారు. లోపల ఉన్నంతసేపూ ఆమె గొంతు వింటూనే ఉన్నాను. "లోటు 300." "లోటు 700." "లోటు 1,150" అనగానే అంతా ఆగింది. గడ్డలో నాలుగో వంతు మిగిలిపోయింది. రెండు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నారు.

బయటికి వచ్చాక అత్తగారు "మిగిలిపోయిందా" అని బాధపడ్డారు. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాత్రి ఆయాసం లేకుండా పడుకున్నాను. కొర్లగుంట అన్నా, మీ అక్క ఎలా ఉన్నారు?

కొర్లగుంట తమ్ముడు · అదే రోజు రాత్రి 9:20

బాగుంది అమ్మా. ముఖం మామూలుగా అయిపోయింది. నిన్న పుత్తూరు నుంచి ఒక్కతే బస్సులో వచ్చింది. నీ సంగతి చదివి వినిపించాను. 1,150 దగ్గర ఆపారని చెప్పగానే మళ్ళీ ఒకసారి చదవమంది. రెండోసారి ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు తోడుగా తాను వస్తానని చెప్పమంది. తేదీ తెలిశాక రాయి.